దాదా ఘోడీ నేర్పిన లెక్క



పోయిన జుమా నమాజు చదువుకుని ఇంటికొచ్చేసరికి మా చిన్నోడు ఫోను పట్టుకుని కూర్చున్నాడు. అబుదాబీలో పనిచేసే మా ఖాలా కొడుకు ఒక వీడియో పంపాడు. ఎడారిలో గుర్రాలు దౌడు తీస్తున్నాయి. వాటి పక్కనే కార్లు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. అందరికన్నా ముందున్న గుర్రం ఉన్నట్టుండి ముందుకాళ్ళ మీద కూలిపోయింది.

"అబ్బా, అది ఫస్టు వస్తోంది కదా! ఎందుకు పడిపోయింది?" అన్నాడు వాడు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తర్వాత ఆలోచిస్తే ఆ జవాబు మా ఖాందాన్‌లోనే ఉందనిపించింది. మా దాదా శృంగవరపుకోటలో జట్కా తోలేవారు. ఆయన ఆడగుర్రాన్ని ఇంట్లో అందరూ 'ఘోడీ' అనే పిలిచేవారట. నేను పుట్టేనాటికి ఘోడీ లేదు, జట్కా కూడా లేదు. గోడ మేకుకు వేలాడే లగాము, అరిగిపోయిన నాలుగు లాడాలు మాత్రం చూశాను. మిగతాదంతా అబ్బా చెప్పిందే.

చీకటి పడితే బస్సులుండని రోజులవి. ఒక రాత్రి మా వీధిలో ఒక ఇంటి కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని తన వల్ల కాదంది. విజయనగరం ఆసుపత్రికి ముప్పై పైచిలుకు కిలోమీటర్ల దూరం. దాదా ఎప్పుడూ అంత దూరం ఒక్క బిగిన తోలేవారు కాదు. రెండుచోట్ల ఆపి, జీను పట్టీలు వదులు చేసి, నీళ్ళు పట్టి, చెమట తుడిచి గానీ కదిలేవారు కాదు. ఆ రాత్రి మాత్రం ఎక్కడా ఆపలేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు, అల్‌హమ్‌దులిల్లాహ్.

మూడో రోజుకు ఘోడీ ఎడమ ముందుకాలు మోకాలి కింద వెనకవైపు వాచింది. ముట్టుకుంటే కాలిపోతోంది. నెలల తరబడి కట్లు కట్టారు. మళ్ళీ నడిచింది గానీ మునుపటి దౌడు రాలేదు. ఒక బేరగాడు వచ్చి ధర చెప్పాడు. దాదా అమ్మలేదు. బియ్యం మిల్లులో మూటలు మోసే పనికి కుదిరి, ఆ కూలితోనే దానికి ఉలవలు కొన్నారు. అది బతికినన్నాళ్ళూ మేపారు. వీధిలో వాళ్ళు నవ్వేవారట, 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని. దాదా ఒకే మాట అనేవారట: "ఆజ్ కీ దౌడ్, కల్ కా కర్జా." ఈరోజు పరుగు రేపటి అప్పు. ఆ రాత్రి పరుగెత్తించినందుకు ఆయన ఎన్నడూ పశ్చాత్తాపపడలేదు. అప్పు మాత్రం తనదేనని ఒప్పుకున్నారు.

నేనీరోజు చెప్పదలచుకున్నది ఈ అప్పు గురించే. గుర్రాన్ని నమ్ముకుని బతికిన మనుషులు దూరాన్నీ, వేగాన్నీ, గుర్రం కాళ్ళ ఆయుష్షునూ కలిపి ఎలా లెక్క వేసుకున్నారు? ఆ లెక్క ఎక్కడ తప్పింది? మన తారీఖ్‌లో దీనికి చాలా చోటుంది.

ముందు కాళ్ళ సంగతి. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక ఉంటుంది, పైనున్న కండను ఆ ఎముకతో కట్టే గట్టి తాళ్ళు ఉంటాయి. డాక్టర్లు వీటిని టెండన్లంటారు. ప్రతి అడుగుకీ అవి స్ప్రింగులా సాగి ముడుచుకుంటాయి. అందుకే గుర్రం తక్కువ కష్టంతో ఎక్కువ దూరం పోగలదు. కానీ పూర్తి దౌడులో ఆ తాళ్ళ లోపలి వేడి 45 డిగ్రీల దాకా పోతుందని పరిశోధకులు కొలిచి చూశారు. వాటికి నెత్తురు సరఫరా తక్కువ. అందుకే ఒకసారి లోపల పోగులు తెగితే అతకడానికి ఏడాది దాకా పట్టొచ్చు. అతికిన చోట మునుపటి సాగుడు రాదు. మా ఘోడీకి జరిగింది ఇదే అయ్యుండాలి.

ఇంకో సంగతి ఉంది. కసరత్తు మొదలుపెట్టిన కొద్ది వారాల నుంచి కొన్ని నెలల్లోనే గుర్రం గుండె, ఊపిరితిత్తులు, కండలు గట్టిపడతాయి. ఎముకలు, టెండన్లు గట్టిపడడానికి అంతకన్నా చాలా ఎక్కువ కాలం, ఏడాది పైన పడుతుంది. అంటే దమ్ ముందొస్తుంది, కాళ్ళు వెనక వస్తాయి. మోసపోయేది ఇక్కడే. గుర్రం ఆయాసపడడం లేదు కాబట్టి ఇంకా తోలొచ్చు అనుకుంటాడు రౌతు. కాళ్ళు ఇంకా సిద్ధం కాలేదని వాటికి మాత్రమే తెలుసు. దూరపు సవారీ తెలిసినవాళ్ళు మొదటి ఏడాదంతా గుర్రాన్ని నెమ్మదిగా, దూరాలకు మాత్రమే తిప్పేది అందుకే.

ఈ ఇల్మ్ కొత్తదేమీ కాదు. సహీహ్ బుఖారీలో హజ్రత్ అబ్దుల్లా ఇబ్నె ఉమర్ (రజి) రివాయతు ఒకటుంది. మదీనాలో ప్రవక్త ముహమ్మద్ (స) గుర్రప్పందేలు పెట్టించారు. ఒకటి కాదు, రెండు రకాలు. సిద్ధం చేసిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ వదా దాకా, అయిదారు మైళ్ళ పందెం. సిద్ధం చేయని గుర్రాలకు సనియ్యతుల్ వదా నుంచి బనీ జురైఖ్ మస్జిద్ దాకా, ఒక్క మైలు పందెం. ఇబ్నె ఉమర్ (రజి) స్వయంగా ఆ పందెంలో పాల్గొన్నారు.

చిన్నప్పుడు ఉర్దూ మీడియం స్కూల్లో ఈ రివాయతు విన్నప్పుడు నాకు పందెం ఒక్కటే గుర్తుంది. ఇప్పుడు మళ్ళీ చదివితే ఆ రెండు దూరాలు కనిపిస్తున్నాయి. ఒకే ఊరు, ఒకే రకం గుర్రాలు. అయినా తయారీని బట్టి దూరం మారింది. సిద్ధంగా లేని జీవిని సిద్ధమైనదాని పక్కన నిలబెట్టి పరుగెత్తించలేదు.

ఆ తయారీని అరబీలో తజ్మీర్ అంటారు. గుర్రాన్ని ముందు బాగా మేపి పుష్టిగా చేస్తారు. తర్వాత దాణా నెమ్మదిగా తగ్గించి అవసరమైనంతే పెడతారు. మీద గుడ్డలు కప్పి చెమట పట్టిస్తారు. వదులుగా ఉన్న ఒళ్ళు బిగుసుకుంటుంది, దమ్ పెరుగుతుంది. ఇందుకు నలభై రోజులని అరబీ నిఘంటువులు చెబుతాయి. గుడ్డలు కప్పే పద్ధతిని ఈనాటి పశువైద్యులు ఒప్పుకోకపోవచ్చు. కానీ ముందు మేపు, తర్వాత కసరత్తు, ఆ తర్వాతే పందెం అన్న వరసను ఇప్పటికీ ఎవరూ కాదనరు.

సఫర్ గురించి సహీహ్ ముస్లింలో ఇంకో హదీసు ఉంది. పచ్చని నేల మీదుగా పోతున్నప్పుడు ఒంటెలకు ఆ నేలలో వాటి హఖ్ ఇవ్వాలి, అంటే మేయనివ్వాలి. కరువు నేల మీదుగా పోతున్నప్పుడు త్వరగా దాటించాలి. దీని భావం గమనించండి. ఎప్పుడూ నెమ్మదిగా పొమ్మని కాదు. మేత ఉన్నచోట ఆలస్యం చేయడం రహ్మ్, మేత లేనిచోట ఆలస్యం చేయడం జుల్మ్. వేగం మంచిదా చెడ్డదా అన్నది నేలను బట్టి, ఒంట్లో మిగిలిన బలాన్ని బట్టి తేలుతుంది. సవారీని చితకబాదినవాడు దూరమూ దాటలేడు, సవారీనీ మిగుల్చుకోలేడు అన్న అర్థంలో ఇంకో రివాయతు కూడా ప్రచారంలో ఉంది. దాని సనదు బలహీనమని ముహద్దిసులన్నారు. అనుభవం మాత్రం ఆ మాటకు గవాహీ చెబుతుంది.

వేగం తప్పనిసరైనప్పుడు పాత హుకూమతులు ఏం చేశాయి? ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో మన దేశానికి వచ్చిన ఇబ్నె బతూతా డాక్ గురించి రాశాడు. ప్రతి నాలుగు మైళ్ళకూ గుర్రాలు మారే చౌకీ ఉండేదట. కాలినడక డాక్‌కు మైలుకు మూడు చౌకీలు. ఆ మనుషుల డాకే గుర్రాల డాక్ కన్నా ముందు చేరేదని చెప్పాడు. సుల్తానుకు ఖబర్ వేగంగా కావాలి. అందుకోసం ఒక్క గుర్రాన్ని చావగొట్టలేదు, దారిని ముక్కలు చేశారు. బరువును పంచుకుంటే వేగం దానంతటదే వచ్చింది.

గుర్రాల హకీముకు ఉర్దూలో 'సలోత్రీ' అని పేరు. మా దాదా కూడా ఆ మాటే వాడేవారు. అది ఫార్సీ మాట కాదు, అరబీ మాటా కాదు. అశ్వవైద్యం చెప్పిన శాలిహోత్రుడనే రుషి పేరు నుంచి వచ్చింది. సంస్కృత గ్రంథాలు ఫార్సీలోకి మారాయి, ఫరస్‌నామాలనే పుస్తకాలు పుట్టాయి. రేఖ్తీ గజళ్ళకు పేరుపడ్డ షాయర్ సఆదత్ యార్ ఖాన్ రంగీన్ కూడా ఉర్దూలో ఒక ఫరస్‌నామా రాశాడు. 1911లో ఫిలట్ అనే దొర దాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. గుర్రం కాలు నొప్పిపెడితే హిందువు రాసిందా ముసల్మాను రాసిందా అని చూసినవాడు లేడు.

ఇక మన ఉత్తరాంధ్ర. పాత తెలుగు లెక్కలో మూడు సింహాసనాలుండేవి. విజయనగర రాయలు నరపతి, ఒడిశా రాజు గజపతి, తురక సుల్తాను అశ్వపతి. మనది గజపతుల నేల. ఇప్పటికీ విజయనగరం రాజవంశం పేరులో గజపతి ఉంది. సముద్రపు ఉక్కపోతలో గుర్రాన్ని నిలబెట్టడం కష్టం. గుర్రం గంటకు పది పదిహేను లీటర్ల దాకా చెమట కారుస్తుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. శ్రీకాకుళంలో జామియా మస్జిద్ కట్టించిన కుతుబ్‌షాహీ ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ గానీ, తర్వాత చికాకోల్ సర్కారు ఏలిన ఫౌజ్‌దార్లు గానీ ఈ ఉక్కలోనే తమ గుర్రాలను నిలుపుకోవాల్సి వచ్చింది.

దూరమూ వేగమూ కలిసిన గుర్రాలను ఈ తీరం చూసింది 1816లో. అది గర్వపడే కథ కాదు. నర్మదా లోయ నుంచి పిండారీలు వచ్చారు. వాళ్ళలో ముసల్మానులున్నారు, మరాఠాలున్నారు, ఇంకా ఎందరో ఉన్నారు. డేరాలు లేవు, సామాను బళ్ళు లేవు. రోజుకు నలభై యాభై మైళ్ళు దాటేవారు. 1816 మార్చిలో గుంటూరు సీమ మీద పడి పన్నెండు రోజులు తిరక్కుండానే 339 గ్రామాలను దోచారు. 182 మందిని చంపారు, 505 మందిని గాయపరిచారు, 3,603 మందిని చిత్రహింసలు పెట్టారు. ఆ ఏడాది డిసెంబరులో ఇంకో దండు మన పక్కనే ఉన్న కిమిడి మీదుగా గంజాం జిల్లాలోకి దిగింది. పేర్లు మన పేర్లలా ఉన్నాయని ఆ జుల్మ్‌ను వెనకేసుకురావలసిన పని మనకు లేదు.

అయితే ఆ వేగం వెనక ఒక లెక్క ఉంది. పిండారీలు ఏడాది పొడుగునా పరుగెత్తలేదు. వానాకాలమంతా గుర్రాలు నర్మదా ఒడ్డున మేసేవి. దసరా దాటి, నదులు తగ్గాక లాడాలు కొట్టించి బయల్దేరేవారు. ఎవరికీ అందని ఆ వేగాన్ని తయారుచేసింది ఆ నాలుగు నెలల ఆరామ్. 1817లో లార్డ్ హేస్టింగ్స్ లక్షకు పైగా సైన్యంతో నాలుగు వైపులా కమ్మి, వాళ్ళకు ఆగే చోటు లేకుండా చేశాడు. గుర్రానికి ఆరామ్ పోయాక వేగమూ పోయింది. కరీం ఖాన్ లొంగిపోయాడు. చీతూ ఒంటరిగా అడవి పట్టాడు. 1819లో పులి చంపేసింది. అతని గుర్రం మాత్రం దగ్గర్లోనే మేస్తూ దొరికిందంటారు.

ఇప్పుడు మా వాడి వీడియోకు వద్దాం. దాన్ని ఎండ్యూరెన్స్ పందెమంటారు. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండల్లో టెవిస్ కప్ పేరుతో ఒక్క రోజులో నూరు మైళ్ళ సవారీ మొదలైంది. ఈ పందేల్లో దారిని భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగం చివరా పశువైద్యుడు గుర్రాన్ని చూస్తాడు. అంతర్జాతీయ నియమాల ప్రకారం గుండె వేగం నిమిషానికి 64కు లోపుగా దిగాలి. అది దిగి డాక్టరు ముందుకు వచ్చేదాకా గడియారం ఆగదు. కడుపులో పేగుల చప్పుడు వింటారు, చర్మం గిల్లి నీరు తగ్గిందేమో చూస్తారు, చిగుళ్ళు నొక్కి చూస్తారు, నడిపించి కుంటుతోందేమో చూస్తారు. వీటిలో ఏది తప్పినా పందెం అక్కడితో ఆఖరు. టెవిస్‌లో మొదటి పదిమందిలో అన్నిటికన్నా మంచి స్థితిలో ఉన్న గుర్రానికి 1964 నుంచి వేరే బహుమానం ఉంది, దాని పేరు హగ్గిన్ కప్. ముందొచ్చింది ఎవరు అని ఒక ఇనాము, ఇంకా పోగలిగింది ఎవరు అని ఇంకో ఇనాము.

అరబ్ దేశాలకు వచ్చేసరికి అదే ఆట చదునైన ఎడారిలో వేగం పందెంగా మారింది. సగటు గంటకు 25 కిలోమీటర్లు దాటింది. కాళ్ళు విరిగాయి, గుర్రాలు చచ్చాయి. 2015 మార్చిలో అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య యూఏఈ జాతీయ ఫెడరేషన్‌ను కొన్ని నెలలు సస్పెండ్ చేసింది. ఈ మాట రాయడానికి నాకు బాధగానే ఉంది. ఏ నేల మీద సిద్ధమైన గుర్రానికి ఒక దూరం, సిద్ధం కానిదానికి ఇంకో దూరం అని నేర్పారో, ఆ నేలకు దగ్గర్లోనే ఇది జరిగింది.

కానీ ఇలాజ్ కూడా అక్కడే పుట్టింది. అదే ఏడాది అబుదాబీలోని బూదీబ్‌లో షేక్ సుల్తాన్ బిన్ జాయెద్ వేరే నియమాలు పెట్టారు. గంటకు 20 కిలోమీటర్లు దాటకూడదు. గుండె వేగం 64 కాదు, 56కు దిగాలి. గుర్రం స్థితికి విడిగా ఇనాములు. చిన్న హద్దు పెట్టగానే తోలే పద్ధతే మారిపోయింది.

ఇంతకీ ఈ కబుర్లతో మనకేం పని? మన ఎస్.కోట మండలంలోనే దారపర్తి కొండల వైపు పోయి చూడండి. రోడ్డు సరిగా లేని గిరిజన గూడేలకు ఈనాటికీ గుర్రమే ఆసరా. చిన్న పొట్టి గుర్రాలు. పసుపు, చింతపండు, పనసకాయలు కిందికి దించుతాయి, రేషను బియ్యం పైకి మోస్తాయి. ఒక ఉదయం నేనొక పెద్దాయన వెంట నడిచాను. చెరో పక్క అర బస్తా వేసి కట్టాడు. గెడ్డ దగ్గర ఆగాడు, బరువు దించాడు, గుర్రం తనంతట తాను తల ఎత్తేదాకా కూర్చున్నాడు. "తొందరేటి లేదేటి తాతా?" అనడిగాను. "తొందర నాకుంది బావూ, దానికి లేదు కదా. ఈయేళ దింపేస్తే రేపు నాను మొయ్యాల" అన్నాడు. మా దాదా మాట కొండ మీద, ఇంకో యాసలో విన్నట్టనిపించింది.

అదే దారిలో ఇంకో దృశ్యమూ చూశాను. ఇళ్ళ పనులకు సిమెంటు, ఇసుక పైకి పోతున్నాయి. కూలి ట్రిప్పు లెక్కన. ట్రిప్పు లెక్కయితే మనిషేం చేస్తాడు? మూడు ట్రిప్పుల బరువు రెండిట్లో వేస్తాడు. ఒక గుర్రం వీపు మీద జీను కింద పుండు పచ్చిగా ఉంది, దాని మీదే బస్తా. తోలే కుర్రాడు చెడ్డవాడు కాదు. వాడికి ఇచ్చే కూలి లెక్కే చెడ్డది.

మన దేశంలో దీనికి కానూన్ ఉంది. 1965 నాటి బరువు మోసే పశువుల నియమాల ప్రకారం చిన్న గుర్రం మీద 70 కిలోలు దాటకూడదు. రోజుకు మొత్తం తొమ్మిది గంటలకు మించకూడదు, ఆపకుండా అయిదు గంటలకు మించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదు. సిమెంటు బస్తా ఒక్కటే 50 కిలోలు. చెరో పక్క ఒకటి వేస్తే నూరు. కానూన్ అక్కడే తప్పింది.

మనలో కొండ మీద ఇల్లు కట్టించే మేస్త్రీలున్నారు, సామాను పంపే వ్యాపారులున్నారు. నా అర్జీ ఒక్కటే. ట్రిప్పుకు కాదు, రోజుకు కూలి కట్టండి. బస్తా విప్పి రెండు సగాలు చేయించండి. వీపు మీద పుండున్న గుర్రాన్ని ఆ రోజు వెనక్కి పంపి, తోలేవాడికి మాత్రం కూలి ఇవ్వండి. అది ఖైరాత్ కాదు, ఆ జీవి హఖ్. నడుము పొట్టకు అంటుకుపోయిన ఒంటెను చూసి, ఈ మూగజీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని హుజూర్ (స) హెచ్చరించిన సంగతి అబూదావూద్‌లో ఉంది. ఆ హెచ్చరిక ఒంటెలకు మాత్రమే అనుకోవద్దు.

అత్యవసరం వస్తే పరుగెత్తించక తప్పదు. మా దాదాకూ తప్పలేదు. ఆ రాత్రి పుట్టిన బిడ్డ ముందు ఎవరూ ఆయన్ను తప్పు పట్టలేరు. అయితే ఆయన ఆ అప్పును ఘోడీ మీద వదిలేయలేదు. మిల్లులో మూటలు మోసి తీర్చారు. పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన తెలుగు సామెత. పరుగెత్తి పాలు తాగేది మనమూ, కాలు విరిగేది ఇంకొకరిదీ అయినప్పుడు ఆ పాలు హలాలేనా అని ఒక్కసారి అడుగుకోవాలి.

మా వాడికి చివరికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "మరి ఆ వీడియోలో గుర్రానికి ఇప్పుడు దాణా ఎవరు పెడతారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. దాదా లగాము ఇంకా ఆ మేకుకే ఉంది. దించి వాడి చేతికిచ్చాను.